వాసన పోయింది

"మళ్ళీ వినిపించు," అంది దుర్భిణి.

చిన్ని ఫోన్‌ని వంటింటి బల్ల మీద పెట్టింది. వాయిస్ మెసేజ్ మీద నొక్కింది.

చచ్చిపోయిన మనిషి గొంతు మళ్ళీ పలికింది.

"చిన్నీ... వాసన పోయింది. ఇంక నువ్వు రావక్కర్లేదమ్మా."

ఆ గొంతులో తొందర లేదు. భయం లేదు. పాలు నేనే తెచ్చేశాను, నువ్వు కొట్టుకి వెళ్ళనక్కర్లేదు అన్నంత మామూలుగా ఉంది.

ఆ గొంతు యూనివర్సిటీలో ఒకప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన మాస్టారిది. అందరికీ ఆయన బాబాయ్. కొన్నాళ్ళుగా రసాయన వ్యర్థాల గోడౌన్‌కి ఇన్‌చార్జి. ఏ ల్యాబులో మిగిలిన యాసిడయినా, విషమయినా క్యాన్లలో ఆయన దగ్గరికే రావాలి. ఏది ఏ అరలో ఉండాలో, ఏది దేని పక్కన ఉండకూడదో ఆయనే చూడాలి. మొన్న మధ్యాహ్నం ఆ గోడౌన్‌ తలుపు దగ్గరే నేలమీద బోర్లా పడి ప్రాణం వదిలాడు.

విషవాయువు అని డాక్టర్లు తేల్చారు. దాన్ని పుట్టించింది చిన్ని అని పోలీసులు తేల్చారు.

చిన్ని రీసెర్చ్ విద్యార్థిని. బాబాయ్ ఇంటి మేడమీద గదిలో ఉంటోంది. ఆయన పోయిన దగ్గర్నించీ మాత్రం మేడ ఎక్కలేదు. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రంలోగా ఆ పిల్లని జీపెక్కిస్తామని చెప్పే కూర్చున్నాడు.

దుర్భిణిని పిలిపించింది బాబాయ్ భార్య. ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడ పిన్ని. దుర్భిణి అన్నది ఆమె పోలీసు ఉద్యోగంలో ఉండగా వెనకాల నవ్వుకుంటూ అందరూ పెట్టిన పేరు. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాక ఆ పేరునే బోర్డుమీద రాయించుకుంది.

"వాళ్ళ దగ్గర నీమీద ఏముంది?" అడిగింది దుర్భిణి.

"గోడౌన్‌లో ఉండాల్సిన నా యాసిడ్ క్యాను కనబడట్లేదు మేడం. రేపు కాలుష్య నియంత్రణ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. లేబుల్ సరిగ్గా లేని క్యాను వాళ్ళ కంట్లో పడితే మాట వస్తుందని నేనే గోడౌన్ సింకులో పారబోశానట. అది పైపులో ఇంకేదో మందుతో కలిసి గ్యాసయిందట."

"పారబోశావా?"

"లేదు."

"లేబుల్ అంటించలేదా?"

"అంటించాను. వంకరగా. బాబాయ్‌కి వంకర లేబులు కనిపిస్తే పూనకమే. అందరి ముందూ కడిగిపారేశారు. దాంతో ఆయనంటే నాకు కోపమని కూడా రాసుకున్నారు."

పిన్ని కల్పించుకుంది. "ఆ కడగడం ఎవరికి తప్పిందక్కా? పెళ్ళైన కొత్తలో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా పక్కపక్కన పెట్టానని నాతో మాట్లాడ్డం మానేశారు. తెల్లవి రెండూ పక్కపక్కన ఎలా పెడతావే అని. చూడండి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి." ఆవిడ నవ్వబోయింది. సగంలోనే అది ఏడుపయింది.

దుర్భిణి చిన్ని వైపు తిరిగింది. "వాసన పోయిందన్నాడంటే గ్యాసు పోయినట్టే కదా? ఇన్‌స్పెక్టర్ వాదన అదే. వాసన పోయింది కదాని ఆయన ధైర్యంగా లోపల తిరిగాడు, నువ్వు చూసుకోకుండా మళ్ళీ పోశావు, చచ్చిపోయాడు."

చిన్ని తల అడ్డంగా ఊపింది. "ఆ గ్యాసు సంగతి వేరు మేడం. కొంచెం ఉంటే కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. బాగా ఎక్కువయిందంటే ముందు ముక్కుని చంపేస్తుంది. కంపు టక్కున ఆగిపోతుంది. అమ్మయ్య, పోయింది అనుకుంటాం. పోయింది గ్యాసు కాదు, మన ముక్కు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు ఊపిర్లు... అంతే."

"ఆయనకది తెలుసా?"

"మాకు నేర్పిందే ఆయన. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తారు. కంపు కొడుతుంటే నడిచి బయటికి రండి, కంపు ఆగిపోతే పరిగెత్తండి అని."

"ఇన్‌స్పెక్టర్‌కి ఈ మాట చెప్పావా?"

"చెప్పాను. వాసన పోయిందంటే పోయినట్టేనమ్మా, నాకు తెలుగొచ్చు అన్నారు."

దుర్భిణి లేచి కిటికీ దగ్గరికి నడిచింది. "దీనికి ముందు ఇంకో మెసేజ్ ఉందన్నావు."

"ఉంది. గోడౌన్‌లో కంపు కొడుతోంది, ఏ క్యాను కారుతోందో చూస్తున్నాను, మాస్కులు పట్టుకు రా అన్నారు. అప్పుడు నేను క్లాసులో ఉన్నాను, ఫోను బ్యాగులో ఉంది. రెండూ ఒకేసారి విన్నాను. అప్పటికే..."

"ముందు రమ్మన్నాడు. తర్వాత వద్దన్నాడు." దుర్భిణి గొంతు తగ్గింది. "కంపు ఆగిపోయిన క్షణంలోనే తన పని అయిపోయిందని ఆయనకి తెలిసిపోయింది. నువ్వు మాస్కులు పట్టుకుని ఆ తలుపు దగ్గరికి వస్తుంటావని గుర్తొచ్చింది. భయపడ్డ గొంతుతో వద్దంటే నువ్వు ఇంకా పరిగెత్తుకొస్తావు. అందుకే ఏమీ జరగనట్టు మాట్లాడాడు. చివరి ఊపిరి నిన్ను ఆపడానికి ఖర్చుపెట్టాడమ్మా."

చిన్ని రెండు చేతులతో మొహం కప్పుకుంది. పిన్ని వచ్చి ఆ పిల్ల తలని పొట్టకి అదుముకుంది.

దుర్భిణి వాళ్ళని ఓదార్చలేదు. ఆమె బుర్రలో అప్పటికే ఇంకో ముల్లు గుచ్చుకుంది.

పరిగెత్తమని పదిమందికి నేర్పినవాడు తను ఎందుకు పరిగెత్తలేదు?

ఫోన్ అందుకుని చెవికి ఆనించుకుంది. మూడోసారి విన్నది మాటల్ని కాదు, మాటల వెనకాలని. దూరంగా ధార కట్టి నీళ్ళు పడుతున్న చప్పుడు. "చిన్నీ" అన్న తర్వాత దబ్. "పోయింది" అన్న తర్వాత దబ్, దబ్.

"ఈ చప్పుడేంటో ఇన్‌స్పెక్టర్ చెప్పాడా?"

"నడుస్తున్నారు, అది అడుగుల చప్పుడు అన్నారు."

"అడుగులు కాదు." దుర్భిణి ఫోన్ బల్లమీద పెట్టింది. "ఇనుప తలుపు మీద అరచెయ్యి."

పిన్ని చిన్నిని వదిలి బల్ల దగ్గరికి వచ్చింది.

"తలుపు తెరుచుకోలేదు, పిన్నిగారూ. బయట గడియ పడింది."

*

గోడౌన్ ముందు ఇన్‌స్పెక్టర్ సిగరెట్ వెలిగించబోతూ, గోడమీద నిప్పు బొమ్మకి కొట్టివేత గీత ఉన్న బోర్డు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రండి రండి, దుర్భిణి గారూ! అద్దాలు తుడుచుకునే వచ్చారా?"

"నీ కేసు చూడ్డానికి అద్దాలెందుకు? కన్నాలు మామూలు కంటికే కనిపిస్తున్నాయి."

అతను పెద్దగా నవ్వాడు. ఒకప్పుడు ఆమె కిందే పనిచేశాడు. రిపోర్టు రాయడం ఆమే నేర్పింది. నేర్పిన దానికి అప్పుడప్పుడూ చింతిస్తూ ఉంటుంది.

"మేడం, పిల్ల ఏడుస్తుంటే మీకు జాలేసింది. నాకూ వేసింది. ఏం చేస్తాం? గోడౌన్ తాళంచెవి ఆ పిల్ల దగ్గర ఒకటుంది. క్యాను ఆ పిల్లది. సింకులో యాసిడ్ ఆనవాళ్ళున్నాయి. ఇంకేం కావాలి మీకు?"

"మూడు ప్రశ్నలకి జవాబులు కావాలి. లోపలికి వెళ్ళొచ్చా?"

"ఫైర్ వాళ్ళు గాలంతా తోడేశారు. శుభ్రంగా ఉంది. వెళ్ళండి." అని తను మాత్రం గడప దగ్గరే నిలబడ్డాడు.

లోపల చిన్న గది. రెండు వైపులా ఇనుప అరలు. అరల్లో పసుపు, నీలం, ఎరుపు మూతల క్యాన్లు. ఒక్క లేబులూ వంకరగా లేదు. తలుపుకి ఎదురుగా ఆ చివర నేలకి దగ్గరగా సింకు, దాని మీద కుళాయి.

దుర్భిణి నాలుగడుగులు వేసి ఆగింది. ముక్కుతో గాలి పీల్చింది.

ఏ వాసనా లేదు.

ఆ మాట మనసులోకి రాగానే ఆమె ఊపిరి బిగబట్టింది. వాసన లేదంటే ఏమీ లేదనా? ఇందాకటి దాకా ఉండి ఇప్పుడు లేదనా? చిన్ని ఇస్తే కాలర్‌కి తగిలించుకున్న గ్యాసు మీటరు వైపు చూసింది. సున్నా. మీటరు పనిచేస్తోందా? దాని మీద గోటితో తట్టింది. సున్నా. అయినా తర్వాతి ఊపిరి తీసుకోవడానికి ఆమెకి ధైర్యం కావలసి వచ్చింది.

"ఏంటి మేడం, దయ్యం కనబడిందా?"

"కనబడితే నిన్ను పిలుస్తాలే."

గోడకి అడుగు భాగంలో గ్యాసు అలారం ఉంది. ఆ గ్యాసు గాలికంటే బరువు, నేలనంటి పాకుతుంది కాబట్టి కిందే బిగించారు. దుర్భిణి మోకాళ్ళమీద కూర్చుని దాని మూతి చుట్టూ చూపుడువేలు తిప్పింది. వేలు అంటుకుంది.

"అలారం ఎందుకు మోగలేదో కనుక్కున్నావా?"

"పాతది. పనిచెయ్యట్లేదు."

"దీని మూతికి టేపు వేసి ఉంచారు. తర్వాత ఎవరో పీకేశారు. జిగురు ఇంకా ఆరలేదు. కావాలంటే వచ్చి ముట్టుకో."

ఇన్‌స్పెక్టర్ గడప దాటలేదు.

ఆమె తలుపు లోపలివైపుకి వచ్చింది. ఛాతీ ఎత్తున పెయింటు మీద సన్నటి గీతలు, చిన్న చిన్న వంపుల్లో. ఒకదానిమీద ఒకటి.

"ఇవి?"

"సామాన్లు తగిలిన గీతలు మేడం. గోడౌన్ కదా."

"ఆయన ఉంగరం నీ దగ్గరుందా?"

అతను విసుగ్గా బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల ఉంగరం బొగ్గులా ఉంది. "తుప్పు పట్టిన ఉంగరం. దీంతో ఏం చేస్తారు?"

"ఇది వెండి. వెండికి తుప్పు పట్టదు. ఈ గ్యాసు సోకితే నల్లబడుతుంది." ఆమె కవర్లోంచే ఉంగరాన్ని గీత పక్కన పెట్టింది. వంపు వంపుకి సరిపోయింది. "బాదాడు. చెయ్యి ఎత్తలేనంత వరకూ బాదాడు."

"సరే, గడియ పడిందే అనుకుందాం. మరి వాచ్‌మన్ వచ్చేసరికి తలుపు ఓరగా తీసే ఉంది. తీసిందెవరు? మీ దయ్యమా?"

"ఆ దయ్యం ఇంకో పని కూడా చేసింది. వాచ్‌మన్‌ని పిలువు."

వాచ్‌మన్ వచ్చాడు. రెండ్రోజులైనా మనిషి తేరుకోలేదు. గోడౌన్ వైపు చూడకుండా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

"నువ్వొచ్చేసరికి లోపల నీళ్ళ చప్పుడు ఉందా?" అడిగింది దుర్భిణి.

"లేదమ్మా. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే నాకిప్పటికీ చెవుల్లో ఉంది."

"కుళాయి నువ్వు కట్టావా?"

"కుళాయా? అమ్మా, గడప దగ్గరే ఆయన చేతులు కనబడ్డాయి. పట్టుకుని బయటికి లాగాను. లోపలికి అడుగు పెడితే ఒట్టు."

"వెళ్ళు నాయనా." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఫోన్లో నీళ్ళు పడుతున్నాయి. వాచ్‌మన్ వచ్చేసరికి లేవు. కుళాయి ఆ చివర. ఆయన ఈ చివర. తలుపు బాదుతూ మాట్లాడినవాడు వెనక్కి నడిచి వెళ్ళి, కుళాయి కట్టి, మళ్ళీ వచ్చి ఇక్కడ పడ్డాడా? ముక్కు చచ్చిపోయాక మిగిలేవి రెండు మూడు ఊపిర్లు. నువ్వొకసారి ఊపిరి బిగబట్టి వెళ్ళిరా, చూద్దాం."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు లేదు. కానీ ఒప్పుకోవడం అతని ఒంట్లో లేదు. "అయితే ఆ పిల్లే తర్వాత వచ్చి..."

"ఆ పిల్ల క్లాసులో ఉంది. క్లాసంతా సాక్ష్యం. నీ బుర్ర ఒక్కసారి గడియ వేసుకుంటే ఇంక తెరుచుకోదు కదా!"

"మేడం, మాటలు మర్యాదగా రానివ్వండి. ఇప్పుడు నేను మీ కింద లేను."

"నా కింద ఉండుంటే ఇవాళ ఒక అమాయకురాలి కోసం జీపు తెప్పించేవాడివి కాదు."

*

"ఇన్‌స్పెక్టర్ గారూ! ఇంకెంతసేపు?"

వరండా చివర్నించి ప్రొఫెసర్ వస్తున్నాడు. కెమిస్ట్రీ విభాగానికి అధిపతి, యూనివర్సిటీ భద్రతా కమిటీకి పెద్ద. ఇస్త్రీ మడతలు నలగని చొక్కా. కళ్ళ కింద మాత్రం నిద్ర లేని గుంటలు.

"రేపు పొద్దున్నే తనిఖీ. మావాళ్ళు ఇదంతా కడగాలి. సీలు ఎప్పుడు తీస్తారో చెబితే..." దుర్భిణిని చూసి ఆగాడు. "మీరు?"

"పిన్నిగారి తరఫున వచ్చాను. రెండే ప్రశ్నలు. మొన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"పైన నా గదిలో."

"కిందికి రాలేదా?"

"ఈ వారంలో అసలిటు తొంగిచూడలేదు. తనిఖీ కాగితాలతోనే సరిపోతోంది. బాబాయ్ పోయిన కబురు కూడా ఎవరో ఫోన్ చేసి చెబితేనే..." గొంతు సవరించుకున్నాడు. "నాకు అన్నయ్య లాంటివాడు."

"మీ ఫోన్ నంబరు ఇస్తారా? అవసరమైతే మాట్లాడతాను."

ప్రొఫెసర్ జేబులోంచి పెన్ను తీశాడు. చీటీ మీద రాసిచ్చాడు. పెన్ను తిరిగి జేబులోకి వెళ్ళబోతుంటే దుర్భిణి చెయ్యి చాచింది.

"బాగుందే. ఒకసారి చూడొచ్చా? వెండేనా?"

"వెండే. మా రీసెర్చ్ పిల్లలు ఇచ్చారు." అనుమానంగానే ఇచ్చాడు.

"పాతదా?"

"లేదు, పోయిన నెలే..."

నోట్లోంచి మాట వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి దారి లేదు.

పెన్ను అద్దంలా మెరుస్తోంది. దానిమీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆ అక్షరాల లోతుల్లో మాత్రం నలుపు. కాటుక దిద్దినట్టు.

"పైపైన బాగా తోమారు," అంది దుర్భిణి. "అక్షరాల సందుల్లోకి బట్ట వెళ్ళలేదు." బాబాయ్ ఉంగరం ఉన్న కవరుని ఆ పెన్ను పక్కన పట్టుకుంది. "పోయిన నెల వెండి ఇలా నల్లబడాలంటే ఏ గాలి తగలాలో నాకంటే మీకే బాగా తెలుసు. మీరు కెమిస్ట్రీ ప్రొఫెసరు."

ప్రొఫెసర్ పెన్ను కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"సార్?" ఇన్‌స్పెక్టర్ గొంతులో మొదటిసారి సందేహం వినిపించింది.

"నేను చంపలేదు," అన్నాడు ప్రొఫెసర్. గోడకి ఆనుకున్నాడు. "పాత సల్ఫైడ్ క్యాను ఒకటుంది. ఎప్పట్నించో మూల పడుంది. వ్యర్థాలు తీసుకెళ్ళే కంపెనీ వాడు తీసుకోనన్నాడు. రేపటి తనిఖీలో అది బయటపడితే ల్యాబులన్నీ మూతపడతాయి. బాబాయ్‌కి చెబితే ఒప్పుకోడు. నీళ్ళు ఎక్కువగా వదిలి సింకులో పోశాను. ఊరికే పోస్తే దానివల్ల ఏం కాదు. యాసిడ్ తగిలితేనే గ్యాసు. పై అంతస్తులో ప్రాక్టికల్స్ క్లాసు వాళ్ళు యాసిడ్ పారబోసే సింకు కూడా ఇదే పైపులో కలుస్తుందని నాకు తెలీదు. నిజంగా తెలీదు!"

"అలారానికి టేపు వేసిందెవరు?"

"ఊరికే కీచుమంటుందని..."

"తలుపు?"

"సగం పోసేసరికి కంపు మొదలైంది. అన్నీ అక్కడే వదిలేసి పరిగెత్తాను. కాసేపటికి వెనక్కి వస్తే తలుపు బార్లా తీసి ఉంది. వరండాలో పిల్లలు తిరుగుతున్నారు. గ్యాసు వాళ్ళమీదికి రాకూడదని తలుపేసి గడియ పెట్టాను. ఆయన లోపలున్నాడని తెలీదు."

"ఎప్పుడు తెలిసింది?"

ప్రొఫెసర్ రుమాలు తీసి నుదురు ఒత్తుకున్నాడు.

"సార్, ఎప్పుడు తెలిసింది?"

"బాదుతున్నప్పుడు."



"తియ్యలేదా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"తీస్తే ముందు నా మొహానికే కొడుతుంది. నేను కూడా..."

"ఎంతసేపు విన్నారు?" అంది దుర్భిణి.

"ఆగిపోయేదాకా."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. దుర్భిణి ఎన్నో హత్యలు చూసింది. కత్తి పట్టుకున్న చేతుల్ని చూసింది. ఊరికే గడియ పక్కన నిలబడి చెవులొగ్గి విన్న మనిషిని ఇదే మొదటిసారి చూడ్డం.

"తర్వాత మాస్కు వేసుకుని వచ్చి గడియ తీశారు. కుళాయి కట్టారు. టేపు పీకారు. సింకులో కొంచెం యాసిడ్ పోసి నింద ఆ పిల్ల మీద పడేలా చేశారు. సరేనా? మరి క్యాన్లేవి? మిగిలిన సల్ఫైడ్ ఏది? చిన్ని యాసిడ్ క్యాను ఏది?"

దానికి జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పాడు.

"క్యాన్లు దొరికాయి మేడం."

ఆమె అతని వైపు తిరిగింది.

"పొద్దున్న ఆకాశరామన్న ఫోన్ ఒకటి వచ్చింది. ఆ పిల్ల మేడమీద బాత్రూంలో క్యాన్లు దాచిందని. మీరిటు బయల్దేరగానే ఇద్దరు కానిస్టేబుళ్ళని పంపాను. ఇందాకే మెసేజ్ పెట్టారు, దొరికాయని. స్టేషన్‌కి పట్టుకు రమ్మన్నాను."

"మీరేనా ఆ ఆకాశరామన్న?" దుర్భిణి ప్రొఫెసర్ చొక్కా పట్టుకుంది.

"నిన్న పరామర్శకి వెళ్ళాను. చేతులు కడుక్కుంటానని పైకెళ్ళి... డ్రైవరు ఒక్కొక్కటీ పైకి తెచ్చాడు. పిల్ల పుస్తకాలని చెప్పాను."

"రెండు క్యాన్లూ ఒకే బాత్రూంలోనా? ఎంతెంత ఉన్నాయి?"

"సగం సగం. యాసిడ్‌ది సగం నేనే ఖాళీ చేశాను. ఆమే పోసిందని నమ్మాలి కదా... మూతలు బిగించే పెట్టాను! ముట్టుకోకపోతే ఏం కాదు!"

దుర్భిణి ఇన్‌స్పెక్టర్ మీద అరిచింది. "ఫోన్ చెయ్! ముట్టుకోవద్దని చెప్పు!"

అతని వేళ్ళు రెండుసార్లు తప్పు నొక్కాయి. మూడోసారి కలిసింది. స్పీకర్ పెట్టాడు.

"సార్! మీకే చేద్దామనుకుంటున్నా." కానిస్టేబుల్ గొంతు హుషారుగా ఉంది. "రెండు క్యాన్లు సార్. దున్నపోతుల్లా ఉన్నాయి. ఇవి ఇరుకు ఇనుప మెట్లు, రెండూ దింపాలంటే నడుములు పడిపోతాయి. చూస్తే రెండూ సగం సగమే. అందుకని ఒకదాంట్లో పోసేసి, ఒక్కసారే..."

"పొయ్యొద్దు!" ఇద్దరూ ఒకేసారి కేకపెట్టారు.

"ఆఁ? సిగ్నల్ లేదు సార్... ఒరేయ్, మెల్లగా వంచరా, మీద పడుద్ది... అబ్బ! ఇదేం కంపురా నాయనా!"

ఫోన్ నేలకి తగిలిన చప్పుడు. ఆ వెంటే అంతకంటే బరువైనదేదో పడిన చప్పుడు. తర్వాత ఇంకొకటి.

"ఒరేయ్!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒరేయ్, పలకరా!"



దుర్భిణి జేబులో ఫోన్ మోగింది. చిన్ని.

"మేడం, పిన్నిని వీధిలోకి లాక్కొచ్చేశాను. గేటు దగ్గరాయన్ని కూడా. ఫైరింజన్‌కి ఫోన్ చేశాను, దార్లో ఉందంటున్నారు. పైన బాత్రూంలో ఇద్దరు పడిపోయారు. కిందనించి కనబడుతోంది, తలుపు తెరిచే ఉంది. ఒకాయన చెయ్యి గడప మీద ఉంది. వేళ్ళు కదులుతున్నాయి మేడం."

"నువ్వు అక్కణ్ణించి కదలకు. వింటున్నావా? మాస్కు లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు."

"తెలుసు మేడం."

"తడిగుడ్డ కట్టుకుంటే ఆగదు."

"తెలుసు. గడప మీదే ఉంది చెయ్యి. ఊపిరి బిగబట్టి, ఆ చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగితే..."

"వద్దు!"

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోన్ లాక్కున్నాడు. సాయంత్రంలోగా ఆ పిల్లకి సంకెళ్ళు వెయ్యాలనుకున్న మనిషి. అక్కడ పడి ఉన్నవాళ్ళు అతని మనుషులు. "అమ్మా," అన్నాడు. వెళ్ళమనడానికి నోరు రాలేదు. వెళ్ళొద్దనడానికీ రాలేదు. "అమ్మా... చిన్నీ..."

అవతల్నించి పిన్ని కేక ఒక్కటే వినిపించింది, దూరంగా, గొంతు చీలిపోయేలా.

ఆ తర్వాత ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు. పైకి.